స్విచ్చి తీసేశాక వెలిగిన దీపం

తిరుమల,
22 సెప్టెంబరు 2025.

అక్కకు,

నేను బాగున్నాను. మోకాలు కూడా బాగుంది. అడుగుతావని ముందే రాస్తున్నాను.

నిన్న ఫోనులో నువ్వు పావుగంట మాట్లాడావు. నేను నాలుగుసార్లు "ఊ" అన్నాను, ఒకసారి "సరే" అన్నాను. చివరికి నువ్వు, "నీతో ఫోన్లో మాట్లాడేదీ బావిలోకి తొంగిసూసి మాట్లాడేదీ ఒకటేరా. బావి అన్నా మల్లీ పలకతాది. ఏం చెప్పాలో కాగితం మీద రాసి పంపీ" అని పెట్టేశావు. నీ మాట నిజమే. నోటితో ఒక్క వాక్యం పూర్తి చేసేలోపల నాకు చెమట పడుతుంది. రాసేటప్పుడు అవతల ఎవరూ జవాబు కోసం కాచుకుని ఉండరు కాబట్టి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం.

ఎల్లుండి ఇక్కడ బ్రహ్మోత్సవాలు మొదలు. సత్రంలో నీళ్ళ మోటార్లు చూసేవాడు ఆ తొమ్మిది రోజులూ కొండ దిగడానికి లేదు. తర్వాత తమిళుల పెరటాసి నెల శనివారాలు అయ్యేదాకా తమిళనాడు నుంచి జనం వస్తూనే ఉంటారు, స్నానాలు చేస్తూనే ఉంటారు, నా మోటార్లు తిరుగుతూనే ఉండాలి. కాబట్టి నేను చిత్తూరు వచ్చి నీ చెక్కుడు మిషను చూడటం ఇప్పట్లో కుదరదు.

నవంబరు పద్నాలుగున పిల్లల పండగకు ముప్పై దిద్దుడు పలకలు ఇస్తానని నువ్వు స్రవంతి టీచరుకు మాటిచ్చావు. నువ్వు ముప్పై ఏళ్ళు నడిపి, రెండేళ్ళ కిందట ఆమె చేతికి అప్పగించిన అంగన్‌వాడీ అది. ఆ మాట తప్పితే నువ్వు ఆ వీధిలో నడవడం మానేస్తావని నాకు తెలుసు. చెక్కలో వేలు పట్టేంత గాడి తీస్తే, పిల్లలు ఆ గాడిలో వేలు పెట్టి జరుపుతూ అక్షరం నేర్చుకుంటారన్న ఆలోచన నీది. ఆ గాడి తీసే మిషను నాది. ఏడాదిన్నరపాటు వీడియోలు చూసి కట్టాను. వీడియోలు చూసి నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. పని అర్థమైందనిపించగానే వీడియో ఆపేస్తాడు.

ఇక అసలు సంగతి. స్విచ్చి వేసేముందు అడ్డదూలాన్ని, అంటే చెక్కే మొన వేలాడుతున్న దూలాన్ని, చేత్తో పట్టుకుని ఎడమ మూలకు జరుపు. పని ఎక్కడ మొదలుపెట్టాలో మిషనుకు తెలియదు, మనమే చూపించాలి. ఆ తర్వాతే స్విచ్చి. పొట్టు ఊడ్చాలన్నా, దూలం జరపాలన్నా, వేలు పెట్టాలన్నా ముందు కరెంటు తీసెయ్యి. కరెంటు తీసేశాక అది వట్టి కొయ్య. నువ్వు దాన్ని ఏం చేసినా దానికేమీ కాదు. ముప్పై ఏళ్ళు మోటార్లు చుట్టినవాడిగా చెబుతున్నాను, నిశ్చింతగా ఉండు.

ఆయుధ పూజకు శుభ్రంగా తుడువు.

తమ్ముడు
జయచంద్ర


మురకంబట్టు, చిత్తూరు.
2 అక్టోబరు 2025.

జయచంద్రకు అక్క రాసేది.

మోకాలి గురించి అడగడం లేదు. నడుము ఎలా ఉంది?

నిన్న ఆయుధ పూజ. తెల్లారి నుంచి మబ్బే. మధ్యాహ్నానికి కూడా ఇంట్లో లైటు వేసుకోవాల్సి వచ్చింది. నువ్వు రాసినట్టే ముందుగా మిషనుకు కరెంటు తీసేశాను. ఎటూ ఆ రోజు పనిముట్లకు సెలవు కదా. కత్తిపీట, కొడవలి, కుట్టు మిషను, నా పాత సైకిలు, అన్నీ తుడిచి వరసగా పెట్టాను. మధ్యలో నీ మిషను కొత్త పెళ్ళికూతురిలాగా ఉంది. పట్టాలకు నూనె రాసి, నాలుగు కాళ్ళకూ పసుపు పూసి, దూలానికి మూడు బొట్లు పెట్టి, చామంతి దండ వేశాను. బొరుగులు, శనగలు, బెల్లం నైవేద్యం.

పక్కింటి మునిరత్నమ్మ వచ్చింది. ఆమె వస్తే ఊరికే ఉండదని నీకు తెలుసు. "నిమ్మలక్కా, ఈ దూలం సూస్తే గుళ్ళో ఊంజలి మాదిరిగా ఉండాదే. అటూ ఇటూ ఊపితే సామికి ఊంజల్ సేవ జేసినట్టుంటాది" అనింది. నాకూ బాగానే అనిపించింది. దూలం మీద చిన్న వెంకటేశ్వరుడి పటం పెట్టి అటు తోసింది, ఇటు లాగింది. రెండోసారికే ఆగిపోయింది.

"అక్కా, కరెంటు తీసేస్తివి గదా, మల్లా ఈ ఎర్రబుడ్డి యాల ఎలగతా ఉండాది?"

చూస్తే నిజమే. నీ బోర్డు మీదున్న చిన్న దీపం వెలిగింది. నేను వంగి చూశాను. "ప్లగ్గు నేలమీద పడుండాది మే" అన్నాను.

"అయితే సామే" అనింది.

ఇంక ఏం చెప్పేది. పావుగంటలో వీధంతా మా వరండాలో ఉంది. ఎంత జోరుగా ఊపితే అంత వెలుగు. ఆపితే ఆరిపోతుంది. ఒక్కొక్కరూ తలా పది ఊపులు. మునిరత్నమ్మ లైను పెట్టి, "సుమ్మా నిలబడండమ్మా, తోసుకోబాకండి, అందరికీ వస్తాది" అని కేకలు. నువ్వుంటే నోరు తెరవకపోయినా కళ్ళతోనైనా నవ్వేవాడివి.

ఈ పొద్దున పూజ చేసి స్విచ్చి వేశాను. దీపం వెలిగింది, దూలం కదల్లేదు. ఒకవైపు మోటారు ముక్కుతోంది, రెండోవైపు ఉలుకు పలుకు లేదు. పదకొండు పలకలు అయినాయి. పంతొమ్మిది మిగిలాయి. ఏం చెయ్యాలో రాయి. తొందరగా రాయి.

బొరుగులు పొట్లం కట్టి పంపుతున్నాను, మెత్తబడకముందే తిను.

నిర్మల


తిరుమల,
6 అక్టోబరు 2025.

అక్కకు,

ఉత్తరం, బొరుగులు రెండూ చేరాయి. బొరుగులు మెత్తబడ్డాయి. ఉత్తరం చదివి ఒక్కడినే నవ్వాను. సత్రం వంటవాడు చూసి, నాకు జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూశాడు.

దీపం సంగతి మరిచిపో. ప్లగ్గు నేలమీద ఉండగా బోర్డుకు కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది? కిటికీలో నుంచి ఎండ పడి ఎర్రగాజు మెరిసి ఉంటుంది. అంతమంది ఆడవాళ్ళు కలిసి చూస్తే మెరుపు కూడా దేవుడవుతాడు. నేను ముప్పై ఏళ్ళు మోటార్లు చుట్టాను, కరెంటు లేకుండా దీపం వెలగడం నా అనుభవంలో లేదు.

బోర్డు పోవడానికి కారణం పసుపు. తడి పసుపు కరెంటును పాకిస్తుంది. ఒక్క చుక్క బోర్డు మీద పడినా చాలు. నూనె, పువ్వులు, బొట్లు, ఇవేవీ ఇకమీదట మిషను దగ్గరికి రానివ్వద్దు.

సత్రానికి కూరగాయలు తెచ్చే సునీల్‌కుమార్‌ది చిత్తూరే. అతని చేత కొత్త బోర్డు పంపుతున్నాను. పాతదాంట్లో ఏ రంగు వైరు ఎక్కడుందో ముందు కాగితం మీద గీసుకో, తర్వాతే పీకు. నువ్వు చేయగలవు. నేను మొదటిసారి బిగించినప్పుడు కాగితం మీద గీసుకోకుండా పీకి, రెండు రోజులు తల పట్టుకున్నాను.

ఇంకొకటి. పొట్టు వల్ల కూడా బోర్డుకు ప్రమాదమే. అందుకని రోజూ సాయంత్రం పని అయ్యాక కరెంటు తీసేసి, దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు గట్టిగా, జోరుగా తొయ్యి. మెల్లగా తోస్తే ప్రయోజనం లేదు. జోరుగా తోస్తేనే బెల్టు పళ్ళ సందుల్లో ఉన్న పొట్టు రాలుతుంది. ఇది ఏ వీడియోలోనూ లేదు, నేనే ఆలోచించాను.

నడుము బాగుంది.

జయచంద్ర


మురకంబట్టు,
13 అక్టోబరు 2025.

జయచంద్రకు,

బోర్డు నేనే బిగించాను. పన్నెండు వైర్లు, ఒక్కటి కూడా తప్పు పోలేదు. మునిరత్నమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, "అంత సన్న వైర్లకు ఇంత గొడవా, నేనైతే ముడేసేద్దును" అనింది. ఆమెను లోపలికి రానివ్వలేదు. చేతికి పసుపు ఉంటుందని అనుమానం. ఆమెకు కోపం వచ్చి రెండు రోజులు మజ్జిగ పంపలేదు.

మిషను మళ్ళీ నడిచింది. రోజుకొకటి చొప్పున నాలుగు పలకలు. మొత్తం పదిహేను. ప్రతి సాయంత్రం నువ్వు చెప్పినట్టే ప్లగ్గు పీకి, పదిసార్లు జోరుగా తోశాను. ఒకరోజు తొమ్మిదో, పదో లెక్క తప్పి, ఎందుకైనా మంచిదని ఇంకో మూడు తోశాను. తోసేటప్పుడు ఏం కనిపించిందో రాయను. రాస్తే సత్రం వంటవాడు మళ్ళీ నీ నుదురు పట్టుకుంటాడు.

నిన్న పొద్దున స్విచ్చి వేస్తే దూలం కదల్లేదు. ఆయుధ పూజ మర్నాడు ఎలా ఉందో అచ్చం అలాగే. దీపం ఉంది, కదలిక లేదు.

పదిహేను మిగిలాయి. నెల రోజులు ఉంది. స్రవంతి నిన్న వచ్చి పలకలు చూసి, ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి తానే దిద్దుకుంటూ కూర్చుంది. "పెద్దమ్మా, మిగిలినివి ఎప్పుడికల్లా అయితాయి?" అని అడిగింది. అయితాయి అని చెప్పాను. అబద్ధం చెప్పే వయసు కాదు నాది.

నిర్మల


తిరుమల,
17 అక్టోబరు 2025.

అక్కకు,

మంచి బోర్డు. నాలుగు రోజుల్లో పోదు. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తే పోవడానికి కారణమే లేదు.

కోప్పడకుండా చెప్పు. బొట్టు పెట్టావా? చిన్నదైనా సరే. కాలికి అంటిన పసుపైనా సరే.

నాతోపాటు ఇక్కడ మోటార్లు చూసే విజయ్ కుమార్ భార్య పురుటికని సెలవులో ఉన్నాడు. అతను వచ్చేదాకా మోటార్లకు నేనొక్కడినే. లేకుంటే వచ్చి చూసేవాణ్ణి.

జయచంద్ర


మురకంబట్టు,
22 అక్టోబరు 2025.

జయచంద్రకు,

బొట్టు పెట్టలేదు. పసుపు పూయలేదు. మిషను ఉన్న గదిలోకి నేను కూడా మొహాన బొట్టు తీసేసి పోయాను. దీపావళికి ఇల్లంతా దీపాలు పెట్టి, ఆ ఒక్క గది గడప మాత్రం వదిలేశాను. పండగపూట ఒక గడపను చీకట్లో వదిలినదాన్ని, బొట్టు పెట్టావా అని అడుగుతావా నువ్వు?

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. తుడవమంటే తుడిచాను. తొయ్యమంటే తోశాను. జోరుగా అంటే జోరుగా. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పింది నేను. చెప్పింది వినడం అంటే ఏమిటో నాకు తెలుసు. విని కూడా తప్పొస్తే, ఆ తప్పు చెప్పినవాళ్ళది. ఈ సంగతి ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ తెలుసు.

ఇంకొక మాట. దీపం వెలిగింది ఎండకు అన్నావు. ఆ రోజు మబ్బురా. నా ఉత్తరంలో పూజ సంగతి మొదలైనచోట రెండో మాటే అది. నీ బోర్డు రెండోసారి బిగించాక కూడా, రోజూ సాయంత్రం చీకటి గదిలో, ప్లగ్గు నా చేతిలో ఉండగానే వెలిగింది. నేను తోస్తే వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది. నవ్వుతావని రాయలేదు. ఇప్పుడు నవ్వుకో.

మిగిలినవి ఉలితో చెక్కుదామని ఒకటి మొదలుపెట్టాను. రెండు రోజులు పట్టింది. గాడి గరుకుగా ఉంది, పిల్లల వేలికి పేడు గుచ్చుకుంటుంది. దాన్ని పొయ్యిలో పెట్టాను.

పోయిన రెండు బోర్డులూ సునీల్‌కుమార్‌కు ఇచ్చాను. మిషను కూడా నీదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుపో. స్రవంతికి నేనే చెప్పుకుంటాను.

నిర్మలమ్మ


తిరుమల,
27 అక్టోబరు 2025.

అక్కకు,

ఈ ఉత్తరం కొంచెం పొడుగు. నిలబడి చదవద్దు.

నీ ఉత్తరం పంపుహౌసులో చదివాను. మబ్బు అన్నచోట ఆగిపోయాను. నీ పాత ఉత్తరం తీసి చూశాను. రెండో మాటే. నేను దాన్ని చదవలేదు. చదివాను గాని, ముప్పై ఏళ్ళ అనుభవం అడ్డం వచ్చి కనపడలేదు.

నా దగ్గర విడిగా ఒక మోటారు ఉంది, నీ మిషనుకు బిగించినలాంటిదే. దాని రెండు వైర్ల మధ్య ఒక చిన్న ఎర్రబుడ్డి కలిపాను. ఇంకేమీ కలపలేదు. మోటారు ఇరుసును రెండు వేళ్ళతో పట్టి చుర్రుమని తిప్పాను. వెలిగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ వెలిగింది. ఒక పెద్దమనిషి బొంగరం తిప్పుకుంటూ కూర్చున్నట్టు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పంపు ఆపరేటరు బాలాజీ వచ్చి నిలబడి చూశాడు.

"ఏంది జయన్నా అది?"

చెప్పాను. నా జన్మలో అంత పొడుగు వాక్యం అతనికి చెప్పి ఉండను. అతను అంతా విని, "ముప్పై ఏండ్లు మోటార్లు సుట్నావు. తిప్పితే కరెంటు పుడతాదని ఈపొద్దు తెలిసిందా నీకు? మా ఊర్లో సైకిలుండే ప్రెతి పిల్లోడికీ తెలుసు గదన్నా" అన్నాడు.

నీ సైకిలుకు డైనమో బిగించింది నేనే. చక్రం తిరిగితే లైటు వెలుగుతుందని నీకు చూపించి గొప్పలు పోయినవాణ్ణి కూడా నేనే. అదే మోటారును మిషనుకు బిగించేసరికి ఆ సంగతి మరిచిపోయాను. కరెంటు తీసేస్తే వట్టి కొయ్య అని రాశాను.

జరిగింది ఇది. మోటారుకు కరెంటు ఇస్తే తిరుగుతుంది. దాన్నే మనం తిప్పితే అది కరెంటు పుట్టిస్తుంది. దూలాన్ని తోస్తే బెల్టు జరుగుతుంది, బెల్టు జరిగితే మోటారు తిరుగుతుంది. పుట్టిన కరెంటు పోవడానికి వేరే దారి లేదు, వైర్ల వెంట బోర్డులోకే వెళుతుంది. అక్కడ మోటారును నడిపించే సన్నబిళ్ళలు ఉంటాయి. వాటిల్లోకి రావలసిన వైపు నుంచి కాకుండా ఎదురువైపు నుంచి వస్తుంది. మెల్లగా తోస్తే పుట్టేది కొంచెమే, తట్టుకుంటాయి. అందుకే రోజూ పొద్దున నువ్వు నెమ్మదిగా మూలకు జరిపినన్నాళ్ళూ ఏమీ కాలేదు. నా మోటారుకు తర్వాత మీటరు కలిపి చూశాను, జోరుగా తిప్పితే ముల్లు ఎగిరిపోతోంది. ఊంజల్ సేవలో మొదటి బోర్డు పోయింది. రెండో బోర్డును నేను వివరంగా ఉత్తరం రాసి, జోరుగా, పదిసార్లు, ప్రతిరోజూ అని చెప్పి చంపించాను. ఒకరోజు నువ్వు పదమూడు తోశావు, దానికీ బాధ్యత నాదే.

మీ వీధి ఆడవాళ్ళు చూసింది నిజం. దీపం వెలిగింది. కరెంటు దేవుడిది కాదు, మునిరత్నమ్మ చేతులది.

నాకు దినచర్య పుస్తకం ఉంది కదా, ఆరో తేదీ కింద "అక్క పసుపు పూసి బోర్డు పోగొట్టింది" అని రాసుకున్నాను. పదిహేడో తేదీ కింద "అక్క మళ్ళీ బొట్టు పెట్టినట్టుంది" అని ఉంది. ఈ రోజు రెండుచోట్లా కొట్టేసి, పక్కన సరైనది రాశాను. మొదటిచోట కొట్టివేత పెద్దదై కాగితం చిరిగింది.

సునీల్‌కుమార్ చేత మూడో బోర్డు పంపుతున్నాను. దాంతోపాటు మూడు ప్లగ్గులు. ఒక్కో మోటారుకు ఒకటి, మోటారుకూ బోర్డుకూ మధ్యలో బిగించాలి. ఏది ఏ మోటారుదో నీకు తెలియాలని గోళ్ళరంగులు కొని పూశాను. షాపులో అమ్మాయి "ఎవరికి అంకుల్?" అని అడిగింది. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇకమీదట దూలం జరపాలంటే కరెంటు తీయొద్దు. ఉంచు. బాణం గుర్తు మీటలు నొక్కి మిషను చేతనే జరిపించు. కరెంటు ఉన్నప్పుడు చేత్తో బలవంతంగా మాత్రం తొయ్యొద్దు. తుడవడానికి చేత్తోనే జరపాల్సి వస్తే, స్విచ్చి తీసి, దీపం పూర్తిగా ఆరేదాకా ఆగి, మూడు ప్లగ్గులూ పీకి, అప్పుడు జరుపు. ప్లగ్గు పీకాక మోటారు ఎంత పుట్టించినా బోర్డుకు చేరదు. అయినా మెల్లగానే జరుపు. తర్వాత ప్లగ్గులు పెట్టి, ఆ తర్వాతే స్విచ్చి. స్విచ్చి వేసి ఉండగా ప్లగ్గు పీకినా, పెట్టినా కూడా బోర్డు పోతుంది. ఇది నేను ఆలోచించింది కాదు. ఈసారి వీడియో చివరిదాకా చూశాను.

పసుపు పూసుకో. బొట్టు పెట్టుకో. మునిరత్నమ్మను లోపలికి రానివ్వు.

తప్పు నాది.

జయచంద్ర


తిరుమల,
13 నవంబరు 2025.

అక్కకు,

పదిహేడు రోజులైంది, జవాబు లేదు. పోయిన ఆదివారం ఫోను చేశాను. నువ్వు "చెప్పు" అన్నావు. నేను "ఏం లేదు" అన్నాను. "అయితే పెట్టెయ్, పనిలో ఉండా" అన్నావు. పెట్టేశాను. ఆ ఫోనుకు ముందు ఏం మాట్లాడాలో చీటీ మీద రాసుకున్నాను, చీటీ జేబులోనే ఉండిపోయింది.

ఈ రోజు సునీల్‌కుమార్ ఫోను చేశాడు. "జయన్నా, మీయక్క ఆ మిషన్ని ట్రాలీ ఆటోకి ఎక్కిస్తా ఉండాదన్నా. యాడికమ్మా అంటే, పోవాల్సిన చోటికి అనింది. తిరప్తికేమో" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. ఈ ఉత్తరం చేరేసరికి మిషను నా దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ఉన్నా రాయాలి.

తీసుకుపొమ్మని నువ్వు రాసినప్పుడు కోపంలో రాశావనుకున్నాను. కోపం కాదని ఇప్పుడు అర్థమైంది. బోర్డు పోయినందుకు నీకు బాధ లేదు. అబద్ధమాడతావని అనుకున్నందుకు బాధ. అది నాకు తెలుస్తూనే ఉంది. తెలిసీ, బోర్డు గురించి నాలుగు పేజీలు రాసి, ఆ సంగతికి రెండే మాటలు రాశాను. వైరు గురించి రాయడం నాకు సులువు.

నువ్వు రిటైరైన కొత్తలో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు, ఉదయం తొమ్మిదికి తయారై వరండాలో కూర్చుని ఉన్నావు. ఎక్కడికి అని అడిగితే, "యాడికీ లేదు, అలవాటు" అన్నావు. ఆ మాటకే మిషను కట్టడం మొదలుపెట్టాను. ఇది ఎప్పుడూ చెప్పలేదు. అది తిరిగి నా దగ్గరికి వస్తే పెట్టుకోవడానికి పంపుహౌసులో చోటు చూశాను. అక్కడ తడి. ఇంకెక్కడా చోటు లేదు. నిజానికి నేను సరిగ్గా వెతకలేదు.

పలకలు ఎన్ని అయ్యాయో మాత్రం రాయి.

జయచంద్ర


మురకంబట్టు,
16 నవంబరు 2025.

జయచంద్రకు,

సునీల్‌కుమార్‌కు ఇకమీదట ఏమీ చెప్పను. ముందు ఆ సంగతి రాసుకోనీ.

మిషను పోవాల్సిన చోటు అంగన్‌వాడీ. ఇరవైతొమ్మిది పలకలు పన్నెండో తేదీకే అయిపోయాయి. స్రవంతి, "పెద్దమ్మా, ముప్పయ్యోది పిల్లల ముందరే చెక్కితే ఎట్లుంటాది? వాళ్ళకు అక్షరం యాడ నుంచి వస్తాదో తెలస్తాది" అనింది. సరే అన్నాను. జవాబు రాయకపోవడానికి కోపం మూడు రోజులే. మిగిలిన రోజులు పొద్దున లేస్తే మిషను, సాయంత్రం అయితే ఉప్పుకాగితంతో గాడి రుద్దడం. రాత తర్వాత రాద్దామని. నువ్వు కొండమీద కూర్చుని తడి చోట్లు వెతుకుతున్నావని నాకేం తెలుసు?

ఇంకొకటి చెప్పాలి. ఆటో వచ్చాక నీ పొడుగు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అంతా చేత్తో తోస్తే, చేత్తో జరిపితే అని రాశావు. ఆటోలో చెయ్యి ఎవరిది? మా వీధి నుంచి అంగన్‌వాడీదాకా ఎన్ని గుంతలున్నాయో నీకు తెలుసు. ఒక్కో గుంతకూ దూలం ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుంటూ పోతుంది. రోడ్డే తోస్తుంది, మనిషి అక్కర్లేదు. అందుకని దీపం ఆరేదాకా ఆగి, మూడు ప్లగ్గులూ పీకేశాను. దూలాన్ని మూలకు జరిపి, పాత నూలుచీర చించి రెండువైపులా స్తంభాలకు గట్టిగా కట్టాను. ఆటో అబ్బాయి, "మిషనుకు చీర కడతా ఉండావేందవ్వా" అన్నాడు. "దానికి కుదుపు పడదు నాయనా" అన్నాను. మునిరత్నమ్మ ఆటో వెనకాల కూర్చుని దారంతా దూలాన్ని చేత్తో పట్టుకునే ఉంది. కట్టాం కదమ్మే అంటే, "నా చేతి కరెంటు గురించి మీ తమ్ముడే రాసినాడు గదా, నేనే అణిచిపెట్టుకోవాల" అనింది. ఇప్పుడు వీధిలో అందరికీ అదే చెబుతోంది.

పిల్లలు చుట్టూ కూర్చున్నారు. ముప్పయ్యో పలకకు "ణ" పెట్టాను. మొన కదులుతుంటే అందరూ మోకాళ్ళ మీద ముందుకు జరిగారు. సగం అయ్యాక ఒక చిన్నది నా చీర పట్టుకు లాగి, "అవ్వా, దీనికి ఎవురు దిద్దబెట్టినారు?" అని అడిగింది.

"మా తమ్ముడు" అన్నాను.

"ఆయప్ప బాగా రాస్తాడా?"

"రాస్తాడు. అప్పుడప్పుడు తప్పు రాస్తాడు, మల్లీ దిద్దుకుంటాడు."

మిషను అక్కడే ఉంచమని స్రవంతి అడిగింది. కుదరదన్నాను. వారానికి ఒకరోజు తీసుకొస్తాను, తిరిగి తీసుకుపోతాను. తొమ్మిదికి తయారై కూర్చుంటే ఇప్పుడు పోవడానికి చోటుంది.

నిర్మల


తిరుమల,
19 నవంబరు 2025.

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ప్రతి మాటా చదివాను.

ఆటో సంగతి నాకు తట్టలేదు. ప్లగ్గులు చేశాను, రంగులు పూశాను, వీడియో చివరిదాకా చూశాను. అయినా తట్టలేదు. తట్టకపోగా, నీ ఉత్తరం చదివాక నాదే ఇంకో పాత తప్పు బయటపడింది. అదీ చెబుతాను.

జూన్‌లో నేను మిషను తెచ్చిన రోజు గుర్తు చేసుకో. తిరుపతి నుంచి మినీ లారీలో తెచ్చాను. దూలం కట్టలేదు. ప్లగ్గులు అప్పుడు లేవు. పాకాల దాటినప్పటి నుంచి వెనకాల దూలం టకటకమని కొట్టుకుంటూనే ఉంది. నేను డ్రైవరు పక్కన కూర్చుని, ఆ చప్పుడు విని, పట్టాలు ఎంత నున్నగా ఉన్నాయో అని మురిసిపోయాను. మీ ఇంట్లో దించి స్విచ్చి వేస్తే కదల్లేదు. నీతో పనిముట్ల సంచి మరిచిపోయానని చెప్పాను. సంచి లారీలోనే ఉంది. వారం తర్వాత వేరే బోర్డు తెచ్చి ఏమీ జరగనట్టు బిగించాను. బోర్డు అమ్మిన షాపుకు పోయి, చెడిన సరుకు అంటగట్టావని అతనితో గొడవ పడ్డాను. గొడవ అంటే, కౌంటరు మీద బోర్డు పెట్టి పది నిమిషాలు అతని వైపే చూశాను. పాపం, భయపడి మార్చి ఇచ్చాడు.

అంటే మూడు బోర్డులు. మొదటిది లారీలో నేను, రెండోది కరెంటు తీసేస్తే వట్టి కొయ్య అన్న నేను, మూడోది జోరుగా పదిసార్లు అన్న నేను. నీ తప్పు వల్ల పోయింది ఒక్కటీ లేదు. నీ దగ్గరున్న నాలుగోదాన్ని కాపాడింది నువ్వు, నూలుచీర.

షాపతని దగ్గరికి రేపు దిగుతాను. విజయ్ కుమార్ వచ్చాడు, ఆడపిల్ల. షాపులో నోటితో చెప్పలేకపోతే రాసి ఇస్తాను.

ఏర్పేడు వైపు ఒక అంగన్‌వాడీ వాళ్ళు నీ పలకల గురించి విని, వాళ్ళకూ ఒక మిషను కావాలని కబురు చేశారు. కట్టడం మొదలుపెట్టాను. జనవరిలో బండికెక్కించి పంపాలి. చీరను ఎంత వెడల్పున చించావో, స్తంభానికి ఎన్ని చుట్లు వేశావో, ముడి దూలానికి లోపలివైపు వేశావో బయటివైపు వేశావో వివరంగా రాయి. బొమ్మ కూడా గీయి. నాకు తెలియదు.

జయచంద్ర